ఏడో తీగను కోసెయ్యకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో, ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్ల కోసం ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇలాంటి వ్యాసాలు సాధారణంగా ఏ మైకు కొనాలి, దానికెంత పెట్టాలి అన్న దగ్గరే ఆగిపోతాయి. ఇది పని ఎలా చేసుకోవాలో కూడా చెప్పింది కనుక మీకూ, వ్యాసకర్తకూ కృతజ్ఞతలు. అయితే అందులో ఒక వాక్యాన్ని సవరించవలసిందని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. గిటారు ఏదైనా సరే, రికార్డింగు పూర్తయ్యాక 80 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 80 కంపనాలకు, దిగువన ఉన్నదంతా ఫిల్టరుతో కోసెయ్యాలనీ, అక్కడ రొద తప్ప సంగీతమేమీ ఉండదనీ ఆ వాక్యం చెబుతోంది. మా వీధిలో ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి ఆ మాట ప్రకారమే చేసి, రికార్డింగు పట్టుకొచ్చి నాకు వినిపించి, “మాస్టారూ, నా ఏడో తీగ ఏమైపోయింది?” అని అడిగాడు. రైల్వేలో ఉద్యోగ విరమణ చేసిన నేను చాలా ఏళ్లుగా ఏడు తీగల గిటారు మీద, పాడుకుంటూ, జాజ్ ఛాయలున్న బ్లూస్ (అమెరికా నల్లజాతివారి నుంచి వచ్చిన పాటలు) వాయిస్తున్నాను. ఆరేళ్లుగా మల్కాజిగిరిలోని మా ఇంటి వెనక గదిలో వాటిని రికార్డు చేసుకుంటున్నాను. ఆ అబ్బాయికి చెప్పిన జవాబునే కొంచెం వివరంగా మీ పాఠకులకూ చెప్పాలనిపించింది.

ఆరు తీగల గిటారులో అన్నిటికన్నా మంద్రమైన తీగ ‘ఇ’ స్వరం పలుకుతుంది, అది సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. కాబట్టి 80కి దిగువన కోస్తే పోయేది నేల అదురూ, ఫ్యాను గాలీ, కరెంటు రొదా మాత్రమే, ఆ గిటారు వరకు వ్యాసకర్త సలహా సరైనదే. ఏడో తీగను కొందరు 62 దగ్గరి ‘బి’కీ, నాలాగా జాజ్ పద్ధతిలో వాయించేవాళ్లు 55 దగ్గరి ‘ఎ’కీ శ్రుతి చేస్తారు. ఎనిమిదో తీగ కూడా ఉన్న గిటారయితే ఆ తీగ తరచుగా 46 దగ్గరకు దిగుతుంది. మామూలు ఫిల్టరును 80 దగ్గర పెడితే 55 దగ్గరి ధ్వని ఏడు డెసిబెళ్లకు పైగా పడిపోతుంది. ఇంకా నిటారుగా కోసే ఫిల్టరయితే పదమూడు డెసిబెళ్లు పడిపోతుంది. స్వరం మొత్తంగా మాయం కాదన్నది నిజమే. 110, 165 దగ్గరి ఉపస్వరాలు మిగిలే ఉంటాయి గనుక, చెవి వాటిని బట్టి అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది. సెల్‌ఫోను స్పీకరులో వినేవాళ్లకు తేడా తెలియను కూడా తెలియదు. కానీ మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే, మనిషి మాట్లాడుతున్నాడు గానీ కాళ్లు నేలమీద లేవన్నట్టు ఉంటుంది.

‘గిటారు ఏదైనా’ అన్న మాట కలం జారి పడింది కాదనీ, ఏడు తీగల గిటారంటే మెటల్ బ్యాండ్ల సరదా అన్న అభిప్రాయం వల్ల పడిందనీ నా అనుమానం. 1990లో ఐబనేజ్ సంస్థ రాక్ గిటారిస్టు స్టీవ్ వై కోసం చేసిన ఏడు తీగల గిటారును మార్కెట్లోకి తెచ్చాక ఆ వాద్యం ఆ వర్గంలోనే ఎక్కువగా వ్యాపించింది కనుక ఆ అభిప్రాయాన్ని తప్పుపట్టలేం. అయితే అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1930ల చివర్లో, జార్జ్ వాన్ ఎప్స్ అనే అమెరికన్ జాజ్ విద్వాంసుడు ఎపిఫోన్ సంస్థ చేత ఏడు తీగల గిటారు చేయించుకున్నాడు. అయిదో తీగకు సరిగ్గా ఒక స్థాయి కింద ‘ఎ’ పలికే తీగను చేర్చుకుని, ఒక్క గిటారు మీదే మంద్రం, శ్రుతి మేళనం, పాట మూడూ నడిపించాడు. ఆయన్ని చూసి బకీ పిజ్జారెల్లి ఆ దారి పట్టాడు. ఆయన కొడుకు జాన్ పిజ్జారెల్లి పాడుతూ ఏడు తీగల గిటారు వాయించే కళాకారుడిగా పేరు పొందాడు. చార్లీ హంటర్ మరో అడుగు ముందుకు వేసి, రాల్ఫ్ నోవాక్ చేసిన ఎనిమిది తీగల గిటారు మీద మూడు తీగలను బేస్ గిటారు పనికి, అంటే మంద్ర స్వరాలకు, కేటాయించాడు. ఆ వాద్యంలో మెట్లు విసనకర్ర పుల్లల్లా ఏటవాలుగా పరుచుకుని ఉంటాయి, మంద్ర తీగ పొడవుగా, తార తీగ పొట్టిగా ఉండడానికి అది ఏర్పాటు. ఇక బ్రెజిల్ దేశపు షోరో సంగీతంలోనూ, రష్యా జానపద సంగీతంలోనూ ఏడు తీగల గిటార్లు ఇంకా పాతవి.

మనకు దూరపు ఉదాహరణలు కూడా అవసరం లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు, జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండే పాశ్చాత్య మాండలిన్‌ను అలాగే ఉంచుకోకుండా, విద్యుత్ మాండలిన్‌కు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. నాలుగు జంటల స్థానంలో అయిదు శ్రుతులు రావడం వల్ల స్థాయి విస్తరించింది, ఒంటి తీగ వల్ల గమకం పట్టింది. అదనపు తీగ ఆర్భాటం కోసం కాదనీ, ఆ సంగీతానికి చాలని చోటును కల్పించడానికేననీ చెప్పేటప్పుడు నేను మొదట చూపించేది ఆయన్నే.

ఒంటరిగా పాడుతూ వాయించే బ్లూస్‌లో ఏ చోటు చాలదో చెబుతాను. ఒక పాట సి-శ్రుతిలో ఉందనుకుందాం. పన్నెండు బార్లలో, అంటే తాళావర్తాల్లో, ప్రధానంగా మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తాయి, సి-ఏడు, ఎఫ్-ఏడు, జి-ఏడు. జాజ్ అలవాటున్నవాళ్లు వీటిని ఆరు తీగలూ నింపి వాయించరు, ఒక్కో కార్డుకు మూడో స్వరం, ఏడో స్వరం అనే రెండింటినే పట్టుకుంటారు. సి-ఏడులో అవి ‘ఇ’, ‘బి ఫ్లాట్’. రెండు వేళ్లనూ ఒక్క మెట్టు కిందికి జరిపితే ఎఫ్-ఏడు వచ్చేస్తుంది, సి నుంచి ఒక్క మెట్టు పైకి జరిపితే జి-ఏడు. ఇంత చిన్న కదలికతో మొత్తం పాట నడుస్తుంది కాబట్టే పాడేవాడి గొంతుకు మధ్యలో చోటు మిగులుతుంది. మగవాళ్ల గొంతు ఎక్కువగా తిరిగే ప్రాంతమూ, గిటారు నడిమి తీగల ప్రాంతమూ ఒకటే కాబట్టి ఆ చోటు చాలా అవసరం. అయితే ఆ రెండు స్వరాలు మాత్రమే ఉంటే ఏ కార్డో వినేవాడికి తెలియదు. కింద ‘సి’ మోగితేనే అది సి-ఏడు అవుతుంది. ఆ ‘సి’ని బొటనవేలు గొంతుకు బాగా దిగువన, ఏడో తీగ మూడో మెట్టు మీద, 65 హెర్ట్జ్ దగ్గర పట్టుకుంటుంది. అంటే మీ వ్యాసం కోసెయ్యమన్న చోటులోనే మా బేస్ వాద్యకారుడు కూర్చుని ఉన్నాడు.

అదే వ్యాసంలో మరో సలహా కూడా ఉంది. ముందు తాళం లెక్కపెట్టే మెట్రొనోమ్ టిక్కుకు గిటారును రికార్డు చేసి, తరవాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని గొంతును విడిగా చేర్చాలని. సినిమా పాటకూ, బ్యాండు పాటకూ అది తిరుగులేని పద్ధతి. ఒంటరి బ్లూస్‌కు మాత్రం అది సరిపడదని నా అనుభవం. ఈ పాట నిర్మాణం చూడండి, ఒక పాదం, అదే పాదం మళ్లీ, దానికి జవాబు చెప్పే మూడో పాదం. ఒక్కో పాదానికి నాలుగు బార్ల చోటుంటే గొంతు సుమారు రెండున్నర బార్లు తీసుకుని ఆగుతుంది, మిగిలింది గిటారు అందుకుంటుంది. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే పక్కనున్న వంతలు అందుకున్నట్టే ఇది; తేడా ఏమిటంటే ఇక్కడ కథకుడూ వంతా ఒక్కడే. పాదం చివర గొంతు కొంచెం సాగితే వంత కొంచెం ఆలస్యంగా వస్తుంది, గొంతు ముందే విరిగితే వంత ముందే అందుకుంటుంది. లైట్నిన్ హాప్కిన్స్, జాన్ లీ హూకర్ వంటి పెద్దలు ఒంటరిగా వాయించినప్పుడు పన్నెండు బార్ల లెక్కనే పట్టించుకోలేదు. మాట ఎంత అడిగితే అంత ఇచ్చారు. నేడు అన్న మాటకు నిన్నే రికార్డు చేసిపెట్టిన వంత ఎలా జవాబు చెబుతుంది?

నేను పాటలు తెలుగులోనే రాసుకుంటాను కాబట్టి ఈ విషయంలో నాకు మరో చిక్కు కూడా ఎదురైంది. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి. పాదం చివర ఎంతసేపైనా సాగదీయవచ్చు, అది సుఖమే. కానీ ఇంగ్లీషు పాదం హల్లుతో టక్కుమని తెగినట్టు మనది తెగదు. ఆ తెంపు గిటారే ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో ఆ క్షణంలో పాడుతున్న గొంతుకే తెలుస్తుంది.

అందుకని గొంతునూ గిటారునూ ఒకేసారి, ఒక్క దమ్ములో రికార్డు చెయ్యమని ఆ అబ్బాయికి చెప్పాను. గిటారు మైకులో గొంతూ, గొంతు మైకులో గిటారూ పడతాయి కదా అన్నాడు. పడతాయి. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలోని ఒక హోటల్ గదిలోనూ, 1937 జూన్‌లో డాలస్‌లోనూ బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ రికార్డు చేసిన 29 పాటల్లో గొంతును గిటారు నుంచి ఎవరూ విడదియ్యలేదు. 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్, జాన్ వర్క్ మిసిసిపీ పత్తి తోటల్లోకి యంత్రాన్ని మోసుకెళ్లి బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ను ఆయన ఇంట్లోనే రికార్డు చేసినప్పుడూ అంతే. ఇంటి రికార్డింగు అనేది బ్లూస్‌కు నిన్నమొన్నటి సంగతి కాదన్న మాట.

అయినా కలవడంలో మంచి కలయికా చెడ్డ కలయికా రెండూ ఉన్నాయి. నోటికి అర అడుగు దూరంలో ఒక మైకు, రెండు అడుగుల దూరంలో గిటారు దగ్గర మరో మైకు పెట్టారనుకోండి. గొంతు రెండో మైకుకు ఒకటిన్నర అడుగు ఆలస్యంగా, అంటే సెకనులో వెయ్యో వంతుకు కొంచెం పైన చేరుతుంది. రెండింటినీ కలిపితే 375 హెర్ట్జ్ ప్రాంతంలో ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం మొదలై, మనిషి గొట్టంలోంచి పాడినట్టు వినిపిస్తుంది. దీనికి అన్నిటికన్నా చవకైన మందు ఒక్క మైకే వాడడం. గొంతు ఎక్కువైతే మైకును కిందికి, గిటారు ఎక్కువైతే పైకి జరుపుకోవడం. ఆ జరపడానికి ఒక సాయంత్రమంతా పట్టినా అది వృథా కాదు. నేను ఇప్పుడు చేసేది దీనికి కొంచెం భిన్నం. గొంతుకు ఒక్క మైకు, గిటారు నుంచి తిన్నగా కంప్యూటర్ పెట్టెలోకి ఒక తీగ, గదిలో నాలుగు అడుగుల దూరంలో బేస్ గిటారు కోసం చేసిన చిన్న యాంప్లిఫయర్. గొంతు మైకుగా ముందూ వెనకా వినిపించి పక్కలు వినిపించని రకం, అంటే ఫిగర్ ఎయిట్ మైకు దొరికితే, దాని పక్క భాగాన్ని యాంప్ వైపు తిప్పుతాను. యాంప్ ధ్వని మైకును చేరడానికి మూడున్నర మిల్లీసెకన్లు పడుతుంది కనుక, తిన్నగా వచ్చిన గిటారు ట్రాకును కంప్యూటర్‌లో అంతే ఆలస్యమయ్యేలా జరిపితే రెండూ కలిసి అడుగు వేస్తాయి. జరపని రోజున ఏడో తీగ బలంగా కాకుండా బొద్దుగా వినిపిస్తుంది.

ఇక 80కి దిగువన కోసెయ్యాలన్న సలహా వెనక ఉన్న అసలు భయం దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ భయం నిజమైనదే. కింది భాగంలో రెండు శత్రువులున్నాయి, ఒకటి గది, రెండు కరెంటు.

ప్రతి గదికీ ఒక శ్రుతి ఉంటుంది. మా వెనక గది వెడల్పు పది అడుగులు, ఎత్తూ పది అడుగులే. ఎదురెదురు గోడల మధ్య దూరం పది అడుగులైతే ధ్వని అక్కడ సుమారు 56 హెర్ట్జ్ దగ్గర తనను తాను పెంచుకుంటుంది. వెడల్పూ ఎత్తూ సమానం కావడం వల్ల ఇది రెట్టింపయింది. నా ఏడో తీగ 55! మొదటి నెలల్లో నేను ఆ తీగను విడిగా మీటితే గది మొత్తం ఊఁ కొట్టేది, పక్క మెట్టు మీది స్వరం మాత్రం మామూలుగా ఉండేది. గిటారు చెడిపోయిందేమోనని బాగుచేసేవాడి దగ్గరికి కూడా తీసుకెళ్లాను. అతను తన దుకాణంలో మీటి చూపించి, బాగానే ఉంది సార్ అన్నాడు; నిజంగానే అక్కడ బాగుంది. తరవాత ఇంట్లోని బొంతలన్నీ గోడలకు వేలాడదీశాను. గొంతులోని గలగల తగ్గి పదును వచ్చింది గానీ ఈ ఊఁ మాత్రం చెక్కు చెదరలేదు. 55 హెర్ట్జ్ తరంగం ఆరు మీటర్ల పొడవుంటుంది. బొంత దాన్ని ఆపాలనుకోవడం చేపల వలతో గాలిని ఆపడమే. మూలల్లో నిలబెట్టిన బూరుగు దూది పరుపులు కొద్దిగా సాయం చేశాయి. రాబర్ట్ జాన్సన్ గది మూలకు తిరిగి వాయించాడన్న కథ ప్రచారంలో ఉంది, ఆ ముచ్చట తీర్చుకుందామని నేనూ మూలకు తిరిగి కూర్చుని చూశాను; ఏడో తీగ ఉన్నవాళ్లు ఆ పని చెయ్యకూడదు, మంద్ర ధ్వని గోడల దగ్గరే ఎక్కువగా పేరుకుంటుంది. అసలు మందు కుర్చీని జరపడమేనని చివరకు తెలిసింది. రెండు గోడలకూ సరిగ్గా మధ్యన ఆ ధ్వని అన్నిటికన్నా బలహీనం. కుర్చీ, మైకు, యాంప్ మూడింటినీ ఆ నడిగీత మీదికి తెచ్చాను. పాటలను ‘ఎ’ నుంచి ‘సి’కి మార్చుకున్నాను, దాంతో గది శ్రుతి, జాజ్ అలవాటు ప్రకారం ఎనిమిదో బారులో వచ్చే ‘ఎ’ దగ్గర ఒక్కసారి మాత్రమే తగులుతుంది. అక్కడ బొటనవేలిని తేలిగ్గా పెడతాను. దీనికంతటికీ అయిన ఖర్చు పరుపులకు కొత్త గలేబులు.

కరెంటు సంగతి ఇంకా సూక్ష్మమైనది, దాన్ని విదేశీ పుస్తకాలు చూసి నేర్చుకునేవాళ్లు గమనించరు. అమెరికాలో కరెంటు రొద 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన దేశంలో 50 దగ్గర. ఆరు తీగల గిటారయితే 80 దగ్గర కోసి దాన్ని చాలావరకు వదిలించుకోవచ్చు. ఏడో తీగ 55 దగ్గర కూర్చున్నప్పుడు, దానికి రెండు మెట్ల దూరం కూడా లేని 50ని ఫిల్టరుతో తీసెయ్యబోతే రెండూ కలిసే పోతాయి, వదిలేస్తే రెండూ కలిసి తరంగాలు తరంగాలుగా కొట్టుకుంటాయి. కాబట్టి రొదను పుట్టిన చోటే ఆపాలి. పాత ఇళ్లలో మూడో పిన్ను ఉన్న సాకెట్టు ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ తీగ ఉండదు. మా ఇంట్లోనూ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ గుంత కొత్తగా తీయించాక సగానికి పైగా రొద పోయింది. మిగిలింది జంట చుట్టల పికప్‌తో (తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే భాగం), ట్యూబులైటు తీసేసి, ఇన్వర్టర్ మీద నడుస్తున్న సమయంలో రికార్డు చెయ్యకపోవడంతో పోయింది. రొద తగ్గుతుందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు కొందరిలో ఉంది; చెమట చేతులతో లోహపు తీగలు పట్టుకునే పని ఇది, దయచేసి ఎవరూ అలా చెయ్యవద్దు.

ఫ్యాను గురించి చెప్పేదేముంది, ఆపాలి. మే నెలలో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రికార్డు చేస్తాను.

కోత గురించి రాస్తున్నాను కనుక మరో కోత సంగతి కూడా చెప్పి ముగిస్తాను. గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేరును అందరూ అలవాటుగా వాడమని మీ వ్యాసం సూచించింది. బ్లూస్‌లో ప్రధానమైన గాంధారం మన సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు, ఆ రెండింటి మధ్య ఊగుతూ ఉంటుంది. గిటారు సి-ఏడులో అంతర గాంధారాన్ని మెట్టు మీద స్థిరంగా పలుకుతూంటే, గొంతు దానికి కొంచెం దిగువన నిలబడి ఒరుసుకుంటుంది, ఆ ఒరిపిడే ఈ సంగీతం. శుద్ధ ధన్యాసి విన్న చెవికి ఈ పాటల స్వరాలు పరిచయమైనవిగా తోచడమూ, ఆ గాంధారం దగ్గర మాత్రం ఉలిక్కిపడడమూ నేను చాలాసార్లు చూశాను. సాఫ్ట్‌వేరు ఆ స్వరాన్ని ఎటో ఒకవైపు లాగి కట్టేస్తుంది. లాగిన తరవాత అది శ్రుతిలోనే ఉంటుంది, బ్లూస్‌లో మాత్రం ఉండదు.

కావున, వచ్చే ఆదివారం అనుబంధంలో వీలైనంత చిన్న సవరణ ఒకటి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. గిటారును రికార్డు చేసేవాళ్లు ముందు తమ వాద్యంలోని చివరి తీగ ఎంత దగ్గర మోగుతుందో తెలుసుకుని, ఫిల్టరును దానికి దిగువన పెట్టుకోవాలనీ, ‘ఎ’కి శ్రుతి చేసిన ఏడు తీగల గిటారుకు అది 40 దాటకూడదనీ రాస్తే చాలు. నా ముందే కూర్చుని ఆ అబ్బాయి ఫిల్టరును 40కి దించి తన పాటను మళ్లీ విన్నాడు. మూడో పాదం దగ్గర, తెల్లవారి మా మల్కాజిగిరి స్టేషను దాటే రైలు కూత సన్నగా వినిపించింది, దాన్ని ఎలా తీసెయ్యాలని అడిగాడు. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ స్టేషనులో, ఆలస్యంగా వచ్చే రైలు కోసం కాచుకుని కూర్చున్న సంగీతకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ, కత్తితో గిటారు తీగలు నొక్కుతూ రైలు మార్గాల గురించి పాడుతున్న ఒక మనిషిని విన్న సంగతి చెప్పి, దాన్ని అలాగే ఉంచమన్నాను.

భవదీయుడు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
మల్కాజిగిరి, హైదరాబాద్.